కందిపప్పు డబ్బా, నా మూడో అధ్యాయం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. మరీ పాత రోజులేం కావు, కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తో డబ్బు కట్టడం అప్పుడప్పుడే మొదలైన రోజులు. సర్కారు ప్రణాళికలతో నడిచిన దేశాలు మార్కెట్ దారి పట్టినప్పుడు అక్కడి జనం చేతిలో ఎంత నగదు ఉంచుకోవాలనుకున్నారన్నది నా పరిశోధన. బ్యాంకు దగ్గరైనకొద్దీ నగదు మీద మోజు తగ్గుతుందని మూడో అధ్యాయంలో తేల్చిపారేశాను. (వాటిలో ఒక్క దేశాన్నీ చూసిన పాపాన పోలేదు.) తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రాసుకోవడానికి ప్రశాంతంగా ఉంటుందని గుంటూరు దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి చేరాను. మిరపకోతల కాలం. శనివారం కూలి ఇవ్వాలి, బ్యాంకుకెళ్ళి నగదు తెమ్మంది పెద్దమ్మ. "ఈ కాలంలో ఇంకా నగదేంటి పెద్దమ్మా!" అని నవ్వి, కోతకొచ్చిన పన్నెండుమంది ఆడవాళ్ళనీ ఫోన్ నంబర్లు అడిగాను. ఎందుకో చెప్పలేదు, చెబితే మజా ఏముంది? మంచం దిగకుండా అందరి కూలీ పంపేసి, మూడో అధ్యాయానికి రుజువు దొరికిందని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు మబ్బు పట్టింది. కాయంతా కల్లంలో ఆరబోసి ఉంది, తడిస్తే ఏడాది కష్టం బూజుపాలు. టార్పాలిన్ పట్టాలు కప్పాల్సినవాళ్ళు కల్లంలోకి దిగకుండా వాకిట్లో నిలబడ్డారు. ముఠా మేస్త్రమ్మ నడుముకు చెంగు బిగించింది.

"ఏమయ్యా, సదువుకున్నోడివేనా? ఎండలో మాడింది మేమా, మా మొగుళ్ళా?"

"మీరిచ్చిన నంబర్లకే పంపానండీ."

"ఇంటికో ఫోనుంటే అది ఆడదాని సేతిలో ఉంటదా? తెల్లారేసరికి సగం తాగేశారు! సేతికిచ్చుంటే కొంగున కట్టుకునేవాళ్ళం. మా డబ్బులు మా సేతిలో పడితేనే పట్టా ముట్టుకుంటాం."

ఆదివారం, బ్యాంకు మూత. ఎవరో తాగిన తాగుడుకి నేను దారి వేశానన్న కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. "నీ చదువు తగలెయ్యా!" అంటూ పెద్దమ్మ వంటింట్లోంచి కందిపప్పు డబ్బా తెచ్చి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, కవరులో చుట్టిన నోట్లు బయటకు లాగింది.

పెదనాన్న నోరెళ్ళబెట్టాడు. "మొన్న మోటారు బాగుచేయిద్దామంటే ఇంట్లో పైసా లేదన్నావు గదే!"

"లేదనబట్టే ఇవాళ ఉన్నాయి. నోరు మూసుకుని ఆ పట్టా అందుకోండి."

అలా రెండోసారి కూలి ముట్టింది. నన్ను తిడుతూనే కప్పారు, మేస్త్రమ్మ ఒక పట్టా కొస నా చేతికిచ్చి మరీ తిట్టింది. పట్టా ఎగిరిపోకుండా అంచున చివరి రాయి పెట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. కాయ దక్కింది.

మూడో అధ్యాయం కొట్టేసి తిరగరాశాను. ఆధారమేదని మా ప్రొఫెసరు గారు అడిగితే, పప్పు డబ్బా అని చెప్పే ధైర్యం చాలలేదు. ఇప్పుడు అదే పాఠం కాలేజీలో చెబుతున్నాను. మొన్న పప్పు పొయ్యి మీద పెడదామని మా ఇంట్లో డబ్బా తీస్తే, అడుగున వేళ్ళకి కవరు తగిలింది. డబ్బుల్లేవని మా ఆవిడ ఒట్టేసి వారం కాలేదు. చర్రున కోపం వచ్చింది. ఆ వెంటనే, మంచం మీంచి లేవకుండా లోకాన్ని మార్చేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పప్పు మళ్ళీ సమంగా సర్ది మూత పెట్టేశాను.