చిట్టికి పెట్టిన నెయ్యి

మా అత్త యశోదమ్మ నోటికి పరిగి మండలంలో సగం ఊళ్లు దడుస్తాయి. పెనుకొండ నుంచి చిన్న వయసులోనే కోడలిగా వచ్చి వేరుశనగ చేనును, మామను, నలుగురు మరుదులను ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఆవిడ మెత్తబడేది ఒక్క చిట్టి దగ్గరే. చిట్టి అంటే మా ఆయన కిరణ్ ధర్మవరం నుంచి తెచ్చిన బొచ్చుకుక్క. పిల్లికంటే కాస్త ఎత్తు, అంతే.

అలాంటి చిట్టి పోయి పోయి గొర్రెల వెంకటేశులు కుక్క కరియతో జతకట్టింది. కరియ నిలబడితే దూడంత ఉంటుంది. చిట్టికి పొట్ట కనబడిన రోజు అత్త వీధిలోకొచ్చి వెంకటేశులును కడిగేసింది. "ఏమప్పా, నీ కుక్కను కట్టేసుకునేకి చేతకాదా? నా బిడ్డ గతి ఏం గావల్ల?" అంది.

"మనం చెప్తే వింటాయామ్మా అవి?" అన్నాడాయన, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని.

తిట్టడమైతే తిట్టింది గానీ, ఆ పూట నుంచే చిట్టిని మేపడం మొదలుపెట్టింది. సంగటిలో నెయ్యి, ఉడకబెట్టిన గుడ్డు, మళ్లీ నెయ్యి. నా రెండు కాన్పులకూ ఆ నేతిగిన్నె ఉట్టి దిగలేదు. లోపల కుతకుత ఉడికిపోయాను.

పొట్ట నేలకు రాసుకుంటుంటే హిందూపురంలో పశువుల డాక్టరుకు చూపించాం. ఆయన ఎక్స్‌రే తీయించాడు. "రెండే పిల్లలు. తండ్రి పోలికేమో, తలలు పెద్దగా ఉన్నాయి. దారేమో చిన్నది. పైగా మీరు తల్లికి కొవ్వు పట్టించారు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే తల్లి కూడా దక్కదు" అన్నాడు.

అత్త ముఖం పాలిపోయింది. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదైతాదని నాకు తెలుసు సార్. అందుకే కోడలికి గూడా నెయ్యి పెట్టల్యా. దీని మొగం జూస్తే చెయ్యి ఆగల్యా" అంది.

నా మొహం చూస్తే ఆగిందన్నమాట! కడుపుతో ఉన్న మనిషిని మాడ్చమని ఏ డాక్టరూ చెప్పడని అక్కడే అనేద్దామనుకున్నాను. కానీ ఆవిడ అప్పటికే చిట్టిని కొంగులో చుట్టి గుండెకు హత్తుకుంది. ఇంటికొచ్చాక చిట్టికి నెయ్యి ఆపింది. తనూ మానేసింది.

ఒక పొద్దున చిట్టి మూలకు చేరి ముక్కసాగింది. అరగంటైనా ఏమీ రాలేదు. కిరణ్ ఊళ్లో లేడు. అత్త గడప దాటి, తను తిట్టిన మనిషినే కేకేసింది. "వెంకటేశులూ, నీ కోడలి పానం మీదికొచ్చిండాది, బిరీన రాప్పా!"

ఆయన గొర్రెలను దొడ్లోకి తోలి ఆటో పిలుచుకొచ్చాడు. దారి పొడుగునా చిట్టి ఆయన ఒళ్లోనే ఉంది. అత్త దాని తల నిమురుతూ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదలు. నాకూ కళ్లు నిండాయి.

ఆపరేషన్ చేశారు. తల్లీ దక్కింది, రెండు పిల్లలూ దక్కాయి. ఒకటి తెలుపు, ఒకటి నలుపు.

"కాళ్లు జూడమ్మా, మావాడివే" అని వెంకటేశులు మురిసిపోయాడు.

"మూతి మాత్రం మాదప్పా వియ్యంకుడా" అంది అత్త. డాక్టరు కూడా పకపకా నవ్వాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అత్త నేతిగిన్నె దించింది. నేను చిట్టి గిన్నె తెచ్చి ముందు పెట్టాను. దాన్ని పక్కకు జరిపింది.

"దానికి డాక్టరు గుడ్లు పెట్టమన్యాడు. నీ తట్ట ఇట్ల తే."

నా సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసింది. గుంత నిండింది, కంచమంతా పారింది.

"చాలత్తా, చాలు" అన్నాను.

"చెయ్యి ఆగల్యామ్మే" అంది.