ముట్టుకోని రెండు గీతలు

ఆమె వంటకు దిగితే చాలు, వాళ్లమ్మ ఉప్పుడబ్బా దాచేసేది. "దీనికి ఇంకాస్త అనే జబ్బుంది. వేసిన ఉప్పు మళ్లీ తీయగలమా?" అని సణిగేది. ల్యాబులోనూ ఆమెకు ఇంకాస్తమ్మ అనే పేరే స్థిరపడింది. నవ్వేవాళ్లు నవ్వనీ, ఆ మొండితనంతోనే ఆమె ఏళ్ల తరబడి, కంటికి ఆనని ఒక సెమీకండక్టర్ చుక్క చేత కాంతిని ఒక్కొక్క కణంగా ఇప్పించాలని తంటాలు పడుతోంది.

చుక్క రంగు చుక్కది. దాని చుట్టూ చెక్కిన కాంతి గూటికి వేరే రంగుంటుంది. రెండూ ఒకటైతేనే ఆ వెలుగు చెదిరిపోకుండా బయటికొస్తుంది. అందుకని ఆ చుక్కా గూడూ ఉన్న పలకను కొంకర్లు పోయే చలిలో ఉంచి, దాని మీదికి పిసరంత వాయువు వదలాలి. అది పొరలా పేరుకుని గూటి రంగును ఎరుపు వైపు లాగుతుంది. లాగడమే గానీ వెనక్కి తేవడం ఉండదు. పలకను వేడిచేస్తే పొర పోతుంది, నిజమే. కానీ పలకకు అప్పటికే పగులొచ్చింది, మళ్లీ వేడి తగిలితే రెండు ముక్కలవుతుంది. అలాంటి పలక ఇంకోటి లేదు. ఇవాళ ఏదీ తేలకపోతే ఈ పని మూసేస్తామని పైవాళ్లు ముఖం మీదే చెప్పేశారు.

తెర మీద లావుపాటి గూటి గీత ఎడమన, సన్నటి చుక్క గీత ఎరుపు వైపు, కుడిన ఉన్నాయి. ఆమె పిసరు వదిలింది. లావు గీత జరిగింది. ఇంకో పిసరు వదిలింది.

"కలవడం లేదేంటి మాస్టారూ?"

"తొందరపడకు తల్లీ," అన్నారు పక్కనే ఉన్న మాస్టారు. చిన్నప్పటి బడి మాస్టారు కాదు, ఈ పని నేర్పినాయన.

ఇంకాస్త వదిలింది. కలవలేదు. ఇంకాస్త. చూస్తుండగానే గీతలు దూరమైపోయాయి. చేతులారా దాటించేశానని కుర్చీలో కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చింది.

మాస్టారు ఓదార్చలేదు. పిసరు పిసరుకీ తెర మీంచి తీసిన చిత్రాలన్నీ వరసగా ఒకదాని కింద ఒకటి పేర్చారు.

"ఏడుపు తర్వాత. ఎక్కడైనా ముట్టుకున్నాయా?"

"అదేగా నా ఖర్మ."

"మరి లావుది ఇప్పుడెటుంది?"

కళ్లు తుడుచుకుని చూసింది. కుడిన ఉంది. దగ్గరపడ్డ చోట ఎడమ గీత సన్నబడి, కుడి గీత లావెక్కి, ముట్టుకోకుండానే అవి చోట్లు మార్చుకున్నాయి. చుక్కా గూడూ ఒకే వెలుగును ఇచ్చిపుచ్చుకుంటే తప్ప అలా జరగదు. కాస్త కాంతి పెరిగితే చాలనుకున్నవాళ్లు ఇంతటిది ఆశించనే లేదు.

"మధ్యలో ఆపుంటే ఇది మనకు తెలిసేదే కాదు. ఇక మన పని మూసేస్తామని ఎవరూ అనరు," అన్నారు మాస్టారు.

"చిత్రాలు కాదు, అది జరగడం ఇంకొక్కసారి చూపించండి మాస్టారూ."

"ఎలా చూపించనమ్మా? దాటిపోయిందిగా."

ఇన్నేళ్లూ ఆమె కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసినదానికి మించింది ఎదురుగా జరుగుతున్నంతసేపూ తను కలవడం లేదని విసుక్కుంటూ కూర్చుంది.