సముద్రానికి సున్నా మార్కులు

పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టాను, ఇక్కడే చదివాను, ఇక్కడే సైన్స్ టీచర్నయ్యాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. అంటే మూడు తరాలుగా సముద్రం పక్కనే కాపురం. అయినా సముద్రం గురించి నాకు తెలిసిందల్లా పాఠ్యపుస్తకంలో ఉన్న అర పేజీ. అది మాత్రం అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం.

మా బళ్ళో అందరం ఆ తాను ముక్కలమే. ఈ దీవుల్లో రైలన్నదే లేదు, కానీ ప్లాట్‌ఫాం దాటే రైలు లెక్క మా పిల్లలు చిటికెలో చేసేస్తారు. ఒకసారి క్లాసులో ఎవరో "ప్లాట్‌ఫాం అంటే జెట్టీ లాంటిదా మేడం?" అని అడిగారు. "పరీక్షకి అది అక్కర్లేదు, కూర్చో" అన్నాను. మళ్ళీ ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. క్రమశిక్షణ అంటే అదేనని అప్పట్లో మురిసిపోయాను కూడా.

ఆ ఏడు తొమ్మిదో క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి డింగీ మీద చేపలవేటకి వెళ్తాడు. పెద్ద పరీక్షల ముందు తల్లి వరండాలో నన్ను ఆపింది.

"మేడమ్‌గారూ, ఈసారి ఫెయిలైపోతే వాళ్ళ నాన్న బడి మాన్పించేస్తానంటన్నాడండి. చేపల షెడ్డులో పనికెట్టేస్తాడంట. థోడా దేఖ్‌లీజియే మేడం, కొంచెం చూసుకోండి."

"బాగా చదవమనండి" అన్నాను. చదవమంటే బట్టీ పట్టమనేనని, ఇక్కడి మాటలో రట్టా కొట్టమనేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న ఒకటి: ఆటుపోట్లు ఎందుకు వస్తాయి? దిద్దేవాళ్ళకి ఇచ్చిన కీ ప్రకారం చంద్రుడు, సూర్యుడు, గురుత్వాకర్షణ అనే మాటలూ, ఒక బొమ్మా ఉండాలి. క్లాసంతా రాసింది. అందరూ ఒకే చోట ఒకే తప్పుతో సహా రాశారు. ఈ అమ్మాయి మాత్రం సగం హిందీలో, సగం ఇంగ్లీషులో వేరే సంగతి రాసింది. పున్నమికీ ఆ మర్నాడూ పొద్దున్న పదింటికల్లా నీళ్ళు ఒడ్డున చెట్ల వేళ్ళ దాకా వస్తాయట. తర్వాత రోజూ ఇంచుమించు ముప్పావు గంట ఆలస్యమట. ఆ రోజుల్లో వాళ్ళ నాన్న డింగీ తాడు పొడుగ్గా వదులుతాడట. ఎండిన నాచు గీత ఎక్కడుందో చూసుకుని, సామాను దానికి బాగా పైన పెట్టాలట. "చంద్రుడు లాగుతాడంటారు, నేను చూడలేదు" అని ముగించింది.

ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "ఇర్రెలవెంట్" అని రాశాను. మొత్తం ఇరవై ఐదు వచ్చాయి. పాసవడానికి ఇరవై ఏడు కావాలి. "అయ్యో పాపం" అనుకున్నాను. అనుకోవడానికి కీ అడ్డు రాదు కదా.

మర్నాడు హోలీ, ఆ పై రోజే పేపర్లు అప్పగించాలి. ఇంటి దగ్గర రంగుల గోల పడలేక నేనూ, జాగ్రఫీ సారూ, లెక్కల సారూ పేపర్ల కట్టలు పట్టుకుని బ్రూక్షాబాద్ దాటాక ఉన్న చిన్న బీచ్‌కి వెళ్ళాం. దిద్దుకుంటూ అక్కడే భోంచేద్దామని ఆలోచన. పులిహోర నాది, కోడికూర జాగ్రఫీ సారుది. నున్నగా, చల్లగా ఉన్న ఇసుక ఏరికోరి చాప పరిచాం. అదెందుకంత నున్నగా, చల్లగా ఉందో ముగ్గురు పోస్ట్ గ్రాడ్యుయేట్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మాకు ఎగువన, చెట్ల వైపు, ఎండిన నాచు బారుగా పడి ఉంటే, "ఛీ, ఊడ్చేవాడే లేడు" అని జాగ్రఫీ సార్ విసుక్కున్నారు.

తలలు పేపర్లలో పెట్టేశాం. ముందు లెక్కల సారు చెప్పులు వెళ్ళిపోయాయి. "అల కదండీ, వెనక్కి పోతుంది లెండి" అన్నారాయన. ఆ తర్వాతి అల చాప మీదకే వచ్చింది. పులిహోర గిన్నె తేలుకుంటూ బయల్దేరింది. నేను కట్ట గుండెలకి హత్తుకుని పరుగు. వెనక మోకాళ్ళ లోతు నీళ్ళలో, కోడికూర క్యారేజీ నెత్తి మీదకెత్తుకుని జాగ్రఫీ సార్ అరుస్తున్నారు: "సూర్యుడూ చంద్రుడూ ఒకే సరళరేఖలోకి వచ్చినప్పుడు, మేడం, దీన్నే స్ప్రింగ్ టైడ్ అంటారు!"

ఐదుకి ఐదు మార్కులు.

చెట్ల దగ్గరికొచ్చి రొప్పుతూ నిలబడ్డాం. నీళ్ళు వేళ్ళ దాకా వచ్చి ఆగాయి. వాచీ చూసుకుంటే పదీ పది. ఈ ముక్క ఎక్కడో చదివానే అనిపించింది. ఎక్కడో కాదు, నిన్ననే చదివాను. ఆ కాగితం నా చేతుల్లోనే ఉంది, సున్నాతో సహా. నాకు నిజంగా సిగ్గేసింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

అంచులు తడిసిన ఆ పేపరు తీసి, సున్నా కొట్టేసి ఐదు వేశాను.

"కీలో లేదు కదా మేడం. రేపు హెడ్‌మాస్టర్ అడిగితే?" అన్నారు లెక్కల సార్.

"చెప్పుల్లేని మీ కాళ్ళు చూపిస్తాను" అన్నాను.

పిల్ల ముప్పై మార్కులతో పాసైంది. పేపర్లు చూపించే రోజున స్టాఫ్ రూముకి వచ్చింది. కొట్టేసిన సున్నాని, పక్కనున్న ఐదుని చాలాసేపు చూసింది. థాంక్స్ చెబుతుందని లోలోపల ఎదురుచూశాను, అబద్ధం ఎందుకు.

"మేడం, ఈసారంటే మీరు ఇచ్చేశారు. వచ్చే ఏడు బోర్డు పేపర్లు బయటోళ్ళు దిద్దుతారు కదా. అసలు ఆన్సర్ రాసిచ్చేయండి మేడం. రట్టా కొట్టేస్తాను."

నువ్వు రాసిందే అసలు ఆన్సరమ్మా, అని నోటి దాకా వచ్చింది. నా మాట నమ్మి అక్కడా అలాగే రాస్తే? ఆ దిద్దేవాళ్ళు ఏ బీచ్‌లో తడుస్తారు?

నోట్‌బుక్కు తీసుకుని రాసిచ్చాను. చంద్రుడు, సూర్యుడు, గురుత్వాకర్షణ. బొమ్మ కూడా వేశాను. పిల్ల అక్కడే నిలబడి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు అప్పజెప్పింది. ఒక్క తప్పు పోలేదు.