సగం విన్న సరంగు

మిషను పడవకు అతను నలభై రెండేళ్లు సరంగు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉందట. పాస్టర్లు, పిల్లలు, చివరికి పోస్టుమాను కూడా సరంగు అనే పిలిచేవారు. నాలుగు దీవులు, నాలుగు చర్చీలు, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క పాస్టరు. ఆదివారానికో దీవి చొప్పున పాస్టరుగారిని దింపి, ఆరాధన అయ్యాక వెనక్కి తీసుకురావడం అతని పని. నెలలో అయిదో ఆదివారం తగిలితే పాస్టరుకీ సరంగుకీ ఇంజనుకీ సెలవు.

ఈ నలభై రెండేళ్లలో ఏడుగురు పాస్టర్లు మారారు. ఏడుగురూ నెలకి ఒక్క ప్రసంగమే రాసుకునేవారు. ఏ దీవికాదీవికి అది కొత్తదే కదా, తప్పేముంది? కాబట్టి ఏ కథయినా సరంగు చెవిన నాలుగుసార్లు పడేది. కాకపోతే పడేది సగమే.

ఆ దీవుల చుట్టూ నీళ్లకంటే బురద ఎక్కువ. ఆరాధన వేళ కూడా పోటుని బట్టే పెట్టేవారు. పోటు మీద ఒడ్డుదాకా వచ్చిన పడవని నీళ్లు తగ్గేటప్పుడు ఓ అరగంట పట్టించుకోకపోతే అది బురదలో చతికిలబడుతుంది. మళ్లీ పోటు వచ్చేదాకా దేవుడు దిగివచ్చినా లేవదు. పాటలు, ప్రార్థనలు, ప్రకటనలు అయి, ప్రసంగం మంచి పట్టులో పడేసరికి నీళ్లు తగ్గడం మొదలయ్యేది. కిటికీ బయట నిలబడి వింటున్న సరంగు చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డుకి నడిచేవాడు. లోపల మిగతా సగం అవుతుంటే అతను నడుంలోతు నీళ్లలో పడవని లోతుకి తోస్తూ ఉండేవాడు.

దాంతో సరంగుకి లోకంలో ఇంకెవరికీ లేని ఒక మతజ్ఞానం అబ్బింది. ప్రతి కథా మొదలు క్షుణ్ణంగా తెలుసు, చివర తెలియదు. ఎవరికి ఏ కష్టం వచ్చిందో చెప్పగలడు, ఎలా గట్టెక్కారో చెప్పలేడు. గట్టెక్కారన్న అనుమానం కూడా అతనికి లేదు.

చదువుకుని తెలుసుకుందామంటే అక్షరం ముక్క రాదు. పాస్టరుగారిని అడుగుదామంటే, తిరుగు ప్రయాణంలో ఏడుగురు పాస్టర్లలో ఆరుగురు పడవ అంచు మీద వంగి కక్కుతూ ఉండేవారు. ఏడో ఆయన కళ్లు మూసుకుని కూర్చునేవాడు, అది ప్రార్థనో భయమో తెలిసేది కాదు. ఇక మిగిలింది పెళ్లాం.

ఆవిడది నాలుగో దీవి, అన్నిట్లోకీ చిన్నది. బాప్తిస్మం లేనివాణ్ణి చేసుకుంటానంటే ఆవిడ అన్న, తాళ్లకొట్టు నడిపే సంఘపెద్ద, ససేమిరా అన్నాడు. ఆవిడ రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుని చూపించింది. ఆ రోజు నుంచీ బావాబావమరుదులు ఉప్పూనిప్పూ. నిజానికి ఉప్పూనిప్పూ కలిస్తే కాస్త చిటపటలైనా వినిపిస్తాయి. వీళ్ల మధ్య అదీ లేదు. తాడు కావలసి కొట్టుకి వెళితే సంఘపెద్ద గుమాస్తాతో, "ఆయనకి ఎన్ని బారలు కావాలో కనుక్కో" అనేవాడు. సరంగు, "పన్నెండని చెప్పు" అనేవాడు. మధ్యలో గుమాస్తా.

ఆవిడ ప్రతి ఆదివారం ఇస్త్రీ బట్టలు కట్టుకుని పడవెక్కేది, వెళ్లి ముందు బెంచీలో కూర్చునేది. వచ్చేటప్పుడు సరంగు అడిగేవాడు.

"ఆ తర్వాత ఏమయిందే?"

"లోపలికొచ్చి విను."

"నేను లోపలికొస్తే పడవెవరు చూస్తారు?"

"దేవుడు చూస్తాడు."

"దేవుడొచ్చి లంగరేస్తాడా?"

ఆవిడ అటు తిరిగి నీళ్ల వంక చూసేది. మొగుణ్ణి లోపలికి లాగడానికి ఆవిడ వేసిన గాలం అది. కథల చివర అతనికి ఎవరూ చెప్పడానికి వీల్లేదని నాలుగు దీవుల్లోనూ ఇల్లిల్లూ తిరిగి మాట తీసుకుంది. నోట్లో నువ్వుగింజ నానని జనం వాళ్లు. పక్కింట్లో తుమ్మితే ఎదురింట్లో మందు మరిగించేవాళ్లు. అలాంటివాళ్లు ఈ ఒక్క గుట్టు మాత్రం నలభై ఏళ్లు కాపాడారు. గాలానికి చేప తగల్లేదు. మూడేళ్ల కిందట ఆవిడే పోయింది.

నాలుగో దీవిలో నీళ్లెక్కని మెరక ఒకటే. దాని మీద ఒకవైపు చర్చి, ఒకవైపు సమాధులు. ఆవిడ పక్కన ఇంకొకరికి చోటుంది. చర్చి సభ్యులకే ఆ చోటని నిబంధన. వచ్చే నెల మీటింగులో దాన్ని వేరెవరికో రాసేస్తారని తెలిసిన రోజున, డెబ్బయ్యొక్కేళ్ల సరంగు గడ్డం గీయించుకుని, కొత్తగా వచ్చిన ఎనిమిదో పాస్టరు దగ్గరికి వెళ్లాడు.

"నాకు బాప్తిస్మం కావాలండీ."

ముప్ఫయ్యేళ్లు నిండని ఆ పాస్టరుగారు సంతోషంతో లేచి నిలబడ్డారు. ఏడుగురి వల్ల కానిది తన వల్ల అయిందనుకున్నారు పాపం.

"ముంచి ఇస్తాం తాతగారూ, సముద్రంలో. మీకు భయం లేదు కదా?"

"నడుందాకా వారంవారం మునుగుతూనే ఉన్నానండీ. మిగిలింది పై సగమే."

అయితే మునిగే ముందు పరీక్ష ఉంటుంది. హెడ్డాఫీసు వారు పదమూడు ప్రశ్నలు అచ్చు వేయించారు. చర్చి వెనక గదిలో, పాత పాటల పుస్తకాల పెట్టెల మధ్య, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. పాస్టరుగారు, రిటైరైన టీచరమ్మ, తాళ్లకొట్టు సంఘపెద్ద. సరంగుకి స్టూలు వేశారు.

"పాపమనగా నేమి?" పాస్టరుగారు చదివారు.

"నీళ్లు చూసుకోకుండా లంగరెయ్యడమండీ."

పాస్టరుగారు కాసేపు ఆలోచించి, అర మార్కు వేశారు.

"ప్రవక్త ఓడలోనుండి సముద్రములో పడవేయబడెను. తరువాత?"

"చేప మింగిందండీ."

"ఆ తర్వాత?"

"అరిగిపోయుంటాడు."

టీచరమ్మ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు సింహాల గుహ దగ్గరికి వెళ్లారు.

"భక్తుణ్ణి సింహాల గుహలో పడేశారు. ఏమయింది?"

"పడేసింది సింహాల్లోనే కదండీ. ఏమవుతుంది?"

"చనిపోతే సమాధిలో ఉంచిన ప్రభువు స్నేహితుడు?"

"నాలుగు రోజులయిందని ఎవరో అన్నారండీ. అప్పటికి నేను ఒడ్డుకొచ్చేశాను."

పాస్టరుగారికి మతిపోయింది. ఇంతకాలం మిషను పడవ నడిపినవాడు, లోకంలో ఎవరూ ఏ ఆపద నుంచీ బయటపడలేదనుకుంటున్నాడు.

"తాతగారూ, ఇలాంటి దేవుణ్ణి మీ ఆవిడ ఎలా నమ్మిందనుకున్నారు?"

"అదే నాకూ అంతుబట్టేది కాదండీ. అందర్నీ నట్టేట్లో వదిలేసేవాడి దగ్గరికి వారంవారం ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్లేది. పిచ్చిది అనుకునేవాణ్ణి. జాలేసేది. అందుకే ఎప్పుడూ వద్దనలేదు."

సంఘపెద్ద కిటికీ వంక చూస్తూ, "పదమూడోది అడగండి పాస్టరుగారూ" అన్నాడు.

"బాప్తిస్మము నెందుకు కోరుచున్నారు?"

"ఆవిడ పక్కన చోటు కోసమండీ."

పాస్టరుగారు కలం కింద పెట్టారు. "రక్షణ కోసం అనండి, తాతగారూ. రాసుకుంటాను."

"మీరు రాసుకోవచ్చండీ. నేనొచ్చింది మాత్రం చోటుకి."

"పోనీ, రక్షణ కోసం కూడా అను అన్నయ్యా, నీ సొమ్మేం పోయింది?" టీచరమ్మ బతిమాలింది.

"అబద్ధం చెప్పి ఆవిడ పక్కకెళ్లి ఎలా పడుకోనమ్మా?"

"రాసుకోండి. చోటుకట," అన్నాడు సంఘపెద్ద.

స్వలాభం కోసం అడిగినవారికి ఇవ్వరాదని ఆ కాగితం కిందే అచ్చయి ఉంది. పాస్టరుగారు మంచివారే కానీ కొత్తవారు. కొత్తవారికి నిబంధనలంటే భక్తి ఎక్కువ. పదమూడో ప్రశ్న ఎదురుగా అడ్డగీత గీశారు. సరంగు గీతని చూశాడు. చదవడం రాకపోయినా అడ్డగీత అర్థమవుతుంది. ఆవిడ పక్కన ఇక వేరెవరో పడుకుంటారు.

కాగితంలో చివరి వరస ఒకటి మిగిలింది. పాస్టరుగారు తల ఎత్తకుండా చదివారు. "అభ్యర్థి యేమైనను అడుగదలచినచో."

"ఒకటుందండీ," అన్నాడు సరంగు. "ఇక కాదన్నారు కాబట్టి అడుగుతాను. ఆవిడ చివరిసారి చర్చికి వచ్చిన రోజు ఒక చిన్నకొడుకు కథ చెప్పారు. ఆస్తి పంచుకుని ఊరు వదిలిపోయాడు. ఉన్నదంతా తగలేసి పందుల దగ్గర పనికి కుదిరాడు. ఆకలికి తట్టుకోలేక ఇంటికి పోదామని లేచాడు. అక్కడ నీళ్లు తగ్గాయండీ. అయ్యాక ఆవిడ పడవ దగ్గరికి వచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఏమయిందే అంటే ఎప్పటి మాటే. మరుసటి ఆదివారానికి మనిషి లేదు. వాణ్ణి ఇంట్లోకి రానిచ్చారా లేదా? మూడేళ్లుగా అదే ఆలోచన నాకు."

పాస్టరుగారు నోరు తెరవబోతే టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పోయిన మనిషికిచ్చిన మాట. అడకత్తెరలో పోకచెక్కలా ఆవిడ ఇటూ అటూ చూసింది.

"రానిచ్చారు బావా."

అన్నది సంఘపెద్ద. నలభై ఏళ్ల తర్వాత గొంతు కాస్త బొంగురుగా వచ్చింది.

సరంగు అతని వైపు తిరిగాడు. "తండ్రి ఏమడిగాడు?"

"ఏమీ అడగలేదు. వాడింకా దూరంలో ఉండగానే చూశాడు. ముసలాడు పరుగెత్తుకుంటూ ఎదురెళ్లి కావిలించుకున్నాడు."

"ఎందుకొచ్చావనైనా?"

"లేదు."

"తిండి కోసమే కదా వాడొచ్చింది?"

"తిండి కోసమే," అన్నాడు సంఘపెద్ద. బల్ల మీది కాగితాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

సరంగు రెండు అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఇంత మంచి ముక్క దాచిపెట్టి పోయిందా, రాక్షసి," అన్నాడు. ఆవిడ పోయిన రోజున కూడా పడవ నడపాలి కాబట్టి ఏడవలేదు. ఇప్పుడు నడపాల్సిందేమీ లేక స్టూలు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. సంఘపెద్ద లేచి వెళ్లి, వీపు మీద చెయ్యి వేయాలో వద్దో తెలియక, చివరికి వేశాడు.

పాస్టరుగారు కాగితం ముందుకి లాక్కున్నారు. హెడ్డాఫీసుకి పంపాల్సిన కాగితం అది.

"మరి ఈ పదమూడో ప్రశ్నకి ఏమని రాయమంటారండీ?"

సంఘపెద్ద చెయ్యి తీయకుండానే చెప్పాడు.

"అడగలేదని రాయండి."