రమణమ్మగారి కాయలు నడిచిన దారి

అది 2023 వేసవి. నూజివీడు శివార్లలోని ఒక మామిడి ప్యాక్‌హౌస్‌లో సర్వర్ చూసుకునే పని నాది. తోటల నుంచి వచ్చిన కాయను కడిగి, గ్రేడు చేసి, మగ్గబెట్టి, పెట్టెల్లో సర్ది లారీలకెక్కించే చోటు అది. ఏ పెట్టెలోని కాయ ఏ తోటదో, ఏ ప్లాస్టిక్ క్రేటులో వచ్చిందో, ఏ గదిలో మగ్గిందో అన్నీ సర్వర్‌లో నమోదయ్యేవి.

అందుకు నేను గ్రాఫ్ డేటాబేస్ ఎంచుకున్నాను. ఏది దేనితో కలిసిందో ఆ సంబంధాలనే అది దాచుకుంటుంది. తోట నుంచి క్రేటుకి, క్రేటు నుంచి పెట్టెకి గీతలు గీసినట్టు ఉంటుంది. మాది ఎంబెడెడ్ రకం, అంటే డేటాబేస్ కోసం విడిగా ఇంకో సర్వర్ ఉండదు, మా ప్రోగ్రామ్ లోపలే పనిచేస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను కంటైనర్‌లో నడిపేదాన్ని. కావలసిన సరంజామా అంతా ఒకచోట సర్దిపెట్టిన మూట అనుకోండి. పాడైతే తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. డేటాను మాత్రం అందులో ఉంచకూడదు, బయట వాల్యూమ్ అనే చోట ఉంచాలి. క్రేట్లక్కూడా నంబర్లెందుకని గ్రేడింగ్ వాళ్లు మొదట్లో విసుక్కున్నారు. కాయ తాకిన ప్రతి వస్తువూ లెక్కలో ఉండాలని నేను పట్టుబట్టాను.

మే నెలలో ఒక ఉదయం హైదరాబాదు కొనుగోలుదారు నుంచి కబురొచ్చింది. మేం పంపిన ఒక బంగినపల్లి పెట్టెలో పురుగుమందు అవశేషాలు మోతాదుకు మించి ఉన్నాయట. పెట్టె మీద రెడ్డిగూడెం రైతు రమణమ్మగారి పేరుంది. ఆవిడ తోట కాయ ఇక వద్దన్నారు. మా మేనేజర్ ప్రసాద్‌గారు వెంటనే ఆవిడ కోతలు ఆపించారు.

మధ్యాహ్నానికి రమణమ్మగారే ఆటోలో వచ్చారు. ఏళ్ల తరబడి ఇతరుల తోటల్లో కూలికెళ్లిన మనిషి, ఆ ఏడే భర్తతో కలిసి మొదటిసారి ఒక తోట కౌలుకు తీసుకున్నారు. ఆవిడ గొంతు పెంచలేదు. పక్వానికొచ్చిన కాయ రాలిపోతోందని చెప్పి, నా బల్ల పక్కన నిలబడ్డారు.

"మేం ఆ మందు కొట్టలేదమ్మా. మీ కంప్యూటర్లో తెలుస్తదా?"

"కొట్టారో లేదో తెలీదండీ. ఆ పెట్టెలోకి కాయ ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది."

అదే కొనుగోలుదారు అంతకుముందు ఇంకో రెండు పెట్టెల మీద ఇదే ఫిర్యాదు చేశారని గుర్తొచ్చింది. రైతులు వేరు కాబట్టి వేటికవే అనుకుని, మావాళ్లు ఆ ఇద్దరి కాయ కూడా ఆపేశారు. ఈ మూడు పెట్టెలూ ఎక్కడైనా కలిశాయా అని సర్వర్‌ను అడిగాను. సీజన్ మొత్తం గాలించాల్సిన ప్రశ్న అది. కంటైనర్‌కు ఇచ్చిన మెమరీ చాలక ప్రోగ్రామ్ ఆగిపోయి మళ్లీ మొదలైంది. వాల్యూమ్‌లో ఉన్న డేటాకేమీ కాలేదు గానీ, లోడింగ్ దగ్గర నమోదు కాసేపు నిలిచిపోయింది.

ప్రసాద్‌గారు ఊరుకోలేదు. వెతకడానికి రెండో కంటైనర్ నడపమన్నారు. నడిపి చూపించాను. అదే డేటాను మొదటిది తెరిచి ఉంచడంతో రెండోది లాక్ ఉందని చెప్పి ఆగిపోయింది.

"ఆ లాక్ ఫైలేదో తీసెయ్యమ్మా, పనైపోద్ది. లారీలు ఎండలో నిలబడ్డాయి."

"తీస్తే రెండూ ఒకేచోట రాసేస్తాయండీ. సీజన్ లెక్కంతా చెడిపోతుంది. కాసేపు లోడింగ్ ఆపించండి, కాపీ తీసి దానిమీద వెతుకుతాను."

ఆయన రమణమ్మగారి వైపు చూశారు. తర్వాత బయటికెళ్లి లోడింగ్ ఆపించారు.

సర్వర్ ఆపి, వాల్యూమ్‌ను కాపీ చేసి, మళ్లీ నడిపించాను. లోడింగ్ మొదలైంది. ఆ కాపీని పక్క కంప్యూటర్లో పెట్టి, ఎక్కువ మెమరీ ఇచ్చిన వేరే కంటైనర్‌లో అదే ప్రశ్న అడిగాను. మూడు పెట్టెలకూ తోటలు వేరు, మగ్గబెట్టిన గదులు వేరు, లారీలు వేరు. మూడింటి గీతలూ కలిసింది ఒక్కచోటే. సీజన్ ముమ్మరంలో మావి చాలక బయటి నుంచి అద్దెకు తెచ్చిన క్రేట్ల దగ్గర.

ప్రసాద్‌గారు ఆ క్రేట్లన్నీ పక్కన పెట్టించి, కొన్నిటిని పరీక్షకు పంపించారు. అద్దెకిచ్చినవాళ్లను గట్టిగా అడిగితే, అంతకుముందు వాటిలో పురుగుమందు సీసాలు మోశామని ఒప్పుకున్నారు. ఆ క్రేట్లలో అదే మందు ఉందని ల్యాబు కూడా తేల్చింది. కొనుగోలుదారు రమణమ్మగారి తోట నుంచి మళ్లీ కాయ తీసుకున్నారు. కొంత రాలిపోయినా, చెట్ల మీద ఇంకా మిగిలే ఉంది.

కోసిన కాయతో వచ్చిన రోజు ఆవిడ ఆ గీతలు చూపించమన్నారు. తన తోట గీత వెంట వేలు పెట్టి, క్రేట్ల దగ్గర ఆగారు.

"మిగతా ఇద్దరూ ఎవరమ్మా?"

చెప్పాను.

"వాళ్లకి తెలుసా మరి?"

ఎవరూ చెప్పలేదు. అక్కడే ఫోన్ తీసి ఇద్దరికీ చేశాను. రెండో ఆయనది చింతలపూడి వైపు తోట. విన్నాక, తన కాయలో లోపం లేదన్న సంగతి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పమని ఫోన్ భార్యకిచ్చారు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఆ సర్వర్ కట్టింది నేనేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. లాక్ తీయనందుకు ఇంకా గర్వపడతాను. కానీ తప్పు ఎక్కడుందో దొరికితే పని పూర్తయినట్టు కాదని నాకు నేర్పింది మాత్రం రమణమ్మగారే. అప్పటినుంచి ఏ ఫిర్యాదు తేలినా, దాని గీతలన్నిటి వెంటా వెనక్కి వెళ్తాను. ఆ చివర ఉన్న ప్రతి రైతుకీ నేనే ఫోన్ చేస్తాను.