పెద్దమ్మ ఇంట్లో మ్యాచ్

మా కింది పోర్షన్ పెద్దమ్మ పోయింది. మెట్రో పంజాగుట్ట దాటి అమీర్‌పేట వైపు వస్తుండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కిటికీలోంచి డాబాల మీద డిష్‌లు కనిపిస్తున్నాయి. మా డాబా మీద పెద్దమ్మ పాత యాంటెన్నా ఇంకా ఉంది. దాని కొసకు బట్టలారేసే తీగ కట్టి ఉంటుంది. ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది. ఆమెను తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది.

మాకు చుట్టరికం లేదు. ఆమె, మేము ఒకే బిల్డింగ్‌లో కిరాయికుండేవాళ్లం. అందరికీ ఆమె పెద్దమ్మే. క్రికెట్ మ్యాచ్ ఉందంటే బిల్డింగంతా ఆమె ముందుగదిలో, చాపల మీద. అప్పట్లో కేబుల్ బొమ్మలో సగం చుక్కలే. ముఖాలు తెలియవు, బంతి అసలే కనిపించదు. పెద్దమ్మ మాత్రం నడకను బట్టి మనిషిని చెప్పేసేది.

"కుడి భుజం జార్చుకుంట వస్తుండు సూడు, గా పొడుగు పోరడే. ఇగ బౌలింగ్ వీనిదే."

కాసేపటికి కామెంటరీలో ఆ పొడుగు బౌలర్ పేరే వినిపించేది. అందరం ఆమెకేసి తిరిగితే, ఏమీ ఎరగనట్టు పల్లీలు ఒలుచుకునేది.

నేను ఇంటర్‌లో ఉండగా కేబుల్ వాళ్లు వచ్చి పాత సిగ్నల్ బందవుతుందని, ఇంటింటికీ సెట్‌టాప్ బాక్స్ పెట్టుకోవాలని చెప్పిపోయారు. ఇక బిల్డింగ్‌లో పండగే. ఎవరింటికి ఎంత పెద్ద టీవీ వస్తుందన్నదే మాట. పెద్దమ్మ కూడా డబ్బా టీవీ ఇచ్చేసి హెచ్‌డీ టీవీ తెచ్చింది, అందరికంటే పెద్దది. ఆ రోజు మెట్ల మీద నన్ను ఆపి మెల్లగా అంది:

"అందరిండ్లల్ల బొమ్మ మంచిగొస్తే ఇగ నా ఇంటికెవరొస్తరు బిడ్డా? గందుకే పెద్దది తెచ్చిన."

ఆ గది ఖాళీ కావొచ్చన్న ఆలోచన నాకు అంతవరకూ రాలేదు. పెదనాన్న పోయాక ఆ ఇంట్లో మాటలు వినపడేది మ్యాచ్ రోజులే.

కొత్త టీవీలో తొలి మ్యాచ్‌కి అందరం వెళ్లాం. "ఏం క్లారిటీ అండీ పెద్దమ్మగారూ, గడ్డి పోచ పోచా కనిపిస్తోంది" అంది గుంటూరు నుంచి వచ్చిన పై పోర్షన్ ఆంటీ. పెద్దమ్మ కళ్లు చికిలించి చూసింది.

"గడ్డి సంగతి తర్వాత. గీళ్లందరికీ గవదబిళ్లలు లేసినయా ఏంది? చెంపలు గట్లున్నయి."

నవ్వుతూనే వంగి టీవీ వెనక చూశాను. బాక్సూ హెచ్‌డీదే, టీవీ హెచ్‌డీదే, మధ్యలో మాత్రం హెచ్‌డీ మోయలేని పాత మూడురంగుల వైర్లు. పాత బొమ్మనే అడ్డంగా సాగదీసి మెచ్చుకుంటున్నాం.

"మా ఇంట్లోనూ అవే వైర్లు" అంది ఆంటీ చిన్నగా.

ఇన్నింగ్స్ మధ్యలో మా అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల జనంలోంచి దూరి వెళ్లి సరైన కేబుల్ కొనుక్కొచ్చాను. పెట్టగానే చెంపలు దిగిపోయాయి. బంతి మీద కుట్లు కనిపించాయి. బౌలర్ మెడ మీద చెమట కనిపించింది. అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం.

పెద్దమ్మ ఆటను వదిలేసింది. స్టాండ్స్‌లో జనాన్ని చూస్తోంది.

"గా పచ్చచీర ఆమె, గా చారల అంగీ ఆయన మొగడు పెండ్లాలే. నడుమ కుర్చీ ఖాళీ ఇడిసిండ్రు సూడు. బండి పెట్టిన కాడ్నే లొల్లయింది."

కెమెరా మళ్లీ అటు తిరిగేసరికి అతను రెండు ఐస్‌క్రీములతో ఖాళీ కుర్చీలోకి జరిగాడు. గదంతా వికెట్ పడ్డట్టు అరిచింది.

తర్వాత ఫోన్లలో కూడా మ్యాచ్ వచ్చేసింది. అయినా చాపలు పడేది ఆమె గదిలోనే. "ఆట మీ ఇంట్ల సుత కనవడ్తది. మనుషులను సూడాల్నంటే జర నలుగురుండాలె" అనేది. ఒక్కచోట కూర్చోవడం చేతకాని నేను ఆ చాప మీద ఓవర్లకు ఓవర్లు కదలకుండా ఉండేదాన్ని.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం మ్యాచ్ ఉంది. అత్తగారింటి నుంచి వచ్చి ఉన్న పెద్దమ్మ కూతురే చాపలు పరిచి, మమ్మల్ని పిలిచి, టీవీ పెట్టింది. కెమెరా స్టాండ్స్ మీదుగా పోతూ ఒక ముసలాయన దగ్గర ఆగింది. పక్క కుర్చీలో తువ్వాలు వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూశాం.

"మోకాళ్ల నొప్పులున్నట్టున్నయి ఆయన పెండ్లానికి" అంది కూతురు, అచ్చం తల్లిలాగే. "మెట్లెక్కుతుంది. వస్తది."

ఆ బంతి ఎటు పోయిందో ఎవరం చూడలేదు. కెమెరా మళ్లీ అటు తిరగాలని, ఆయన తువ్వాలు తీసే క్షణం దొరకాలని, గదంతా ముందుకు వంగి ఉన్నాం.