గాలి పరుపు

అమలాపురంలో బయల్దేరినప్పుడు ఆటోలో స్టెల్లా పక్కన సీటు ఖాళీగా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఒక గాలి పరుపు, దాని మోటారు ఉండాలి. దారి పొడవునా ఆ ఖాళీ ఆమెకి ఆనుకునే కూర్చుంది.

యాభై దాటిన మనిషి. కొబ్బరి దింపుకి చెట్టెక్కి, పట్టు తప్పి పడిపోయి, నడుం కింద చచ్చుబడిన మనుషుల ఇళ్లకు వెళ్లడం ఆమె ఉద్యోగం. పుండ్లు కడుగుతుంది, మూత్రం గొట్టాలు మారుస్తుంది, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి పడుకోబెడుతుంది. వయసులో నర్సింగ్ చదివి రాజోలులో ఒక చిన్న ఆస్పత్రిలో చేస్తున్న ఆమెని ఇమ్మానుయేలు మాస్టారు ఈ పనిలోకి పిలిచారు. ఇలాంటి రోగుల కోసం సొసైటీ పెట్టింది ఆయనే. మొదట్లో మాస్టారి సైకిలే సొసైటీ. తర్వాత బయటి దేశం చర్చివాళ్ల సాయంతో జీపు వచ్చింది, ఆఫీసు వచ్చింది, గోడ మీద గడియారం వచ్చింది. సాయం ఆగిపోయాక జీపు పోయింది. మాస్టారూ పోయారు. గడియారం మిగిలింది. స్టెల్లా మిగిలింది.

ఇప్పటి ప్రెసిడెంటు సాయిదుర్గాప్రసాద్ గారు బ్యాంకులో రిటైరైనాయన. చెడ్డవాడు కాదు. సొసైటీ మూతపడకూడదని ఎండలో తిరిగి తిరిగి చివరికి డబ్బిచ్చేందుకు ఒక కంపెనీని ఒప్పించారు. కంపెనీవాళ్లకి ఇల్లిల్లూ తిరిగే పని కనిపించదు. చూడటానికి ఒక చోటు కావాలి. అమలాపురంలో సెంటరు పెడతారు, రోగులే అక్కడికి రావాలి, ఇళ్లలో వాడుకోమని ఇచ్చిన గాలి పరుపులన్నీ వెనక్కి తెచ్చి అక్కడే ఉంచాలి.

మీటింగులో అందరూ సరేనన్నట్టు ఆయ్ అన్నారు. స్టెల్లా కూడా ఆయ్ అంది. ఈ నేల మీద ఆ మాట నోట్లోంచి రాదు, ఊపిరిలోంచి వస్తుంది. సొసైటీ ఉంటేనే కదా ఎవరినైనా చూసేది అని మెట్లు దిగుతూ తనకు తానే చెప్పుకుంది. ఆ రోజు నుంచి నిద్ర లేచినా అలసట లేవడం లేదు.

ముక్తేశ్వరంలో కాలవ దాటి తోటలోకి తిరిగాక ఆటో తోలే చిట్టి అడిగాడు. "దుర్గారావుగారు సెంటరుకి ఎలా వస్తారండి మేడంగారూ? కూర్చోలేరు కదండీ."

స్టెల్లా కొబ్బరి నీడల వైపు తల తిప్పుకుంది.

దుర్గారావు భార్య మంగాయమ్మ వాకిట్లో ఉంది. ఆమె వెనక తాడు మీద పాత బొంత ఒకటి ఉతికి ఆరేసి ఉంది. దుర్గారావు చెట్టు మీంచి పడిన కొత్తలో ఆ బొంత మీదే ఉండేవాడు. దాని మీద ఉన్నప్పుడే వీపున పుండు లేచి ఎముక దాకా పోయింది. గాలి పరుపు వచ్చాకే అది మానింది. మానని వాళ్ల సమాధుల దగ్గరా స్టెల్లా నిలబడింది. ఆ బొంత ఎందుకు ఎండలో ఉందో ఆమె అడగక్కర్లేకపోయింది.

"పరుపు తీసుకెళ్తారని ఆశా వర్కరు చెప్పిందండి," అంది మంగాయమ్మ. "ఆయ్, తీసుకెళ్లండి. ఇన్నాళ్లు ఉంచేరు, అదే చాలండి. ముందు టీ తాగండి."

కోపం వస్తే బాగుండును అనిపించింది స్టెల్లాకి. తిట్టినా బాగుండును.

లోపల మోటారు సన్నగా మూలుగుతోంది. దుర్గారావు పైకప్పు కేసి చూస్తున్నాడు.

"రండి మేడంగారూ. మా ప్రెసిడెంటుగార్ని చూసేరా?" వాసం మీద బల్లిని కళ్లతోనే చూపించాడు. "ఆయనకి ఆ పేరు పెట్టేనండి. పొద్దస్తమానం పైనుంచి చూస్తాడు, కిందకి మాత్రం దిగడండి."

చిట్టి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఈయనకి నోరొక్కటే పడిపోకుండా మిగిలిందండి," అంది మంగాయమ్మ, గ్లాసులు అందిస్తూ.

"అదీ పడిపోతే నీకు తోచదే."

టీ అయిపోయింది. ఇంకా కూర్చోవడానికి వంక లేదు. "ముందు గాలి తీసెయ్యాలి, లేకపోతే జారిపోతారు," అంది స్టెల్లా. "అప్పుడు చిట్టి భుజాలు పట్టుకుంటాడు, నేను నడుం పడతాను. పక్క మంచం మీదకి మార్చేద్దాం." ఆ మాటలు ఎవరో చెబుతుంటే తాను విన్నట్టుంది.

చిట్టి స్విచ్ ఆపాడు. మోటారు మూలుగు ఆగింది. ఇంట్లో ఇన్నాళ్లుగా ఆ చప్పుడు ఉందని, ఆగాకే అందరికీ తెలిసింది. స్టెల్లా ఒక చేత్తో గొట్టం ఊడదీసి, రెండో చేతిని అతని నడుం కిందకి పోనిచ్చింది. ఎప్పుడూ చేసేదే. పుండు మానిన చోటు ఎక్కడుందో ఆ వేళ్లకి తెలుసు.

పరుపు దిగసాగింది. నెమ్మదిగా, నీళ్లు తీసే చేలో మట్టి బయటపడినట్టు, కింద మంచం చెక్క పైకి వచ్చింది. పైన అతని ఎముక, కింద చెక్క, మధ్యలో ఆమె చెయ్యి. బరువు పెరుగుతోంది. అతనికి ఏమీ తెలియడం లేదు. నొప్పంతా ఆమె వేళ్లకే తెలుస్తోంది.

చెయ్యి తీసేస్తే పని అయిపోతుంది.

"చిట్టీ," అంది. "గొట్టం పెట్టి స్విచ్ వెయ్యి."

"ఏంటండీ?"

"వెయ్యమన్నానా. వేసి నా ఫోన్ తియ్యి. ప్రెసిడెంటుగారికి చెయ్యి."

చిట్టి ఫోన్ ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

"ఆఁ స్టెల్లాగారూ, బయల్దేరేరా? పరుపు వస్తోందా?"

"రావట్లేదండి."

"ఏమైందమ్మా? ఆటో చెడిపోయిందా?"

"ఆటో బాగానే ఉందండి. నేను తేనండి."

"మీటింగులో ఆయ్ అన్నారు కదండీ!"

"అన్నానండి. ఇప్పుడు అనట్లేదండి. ఇది తెస్తే ఈయనకి మళ్లీ పుండ్లు పడతాయి. అమలాపురం దాకా ఈయన్ని ఎవరూ మొయ్యలేరండి."

"కంపెనీవాళ్లకి నేనేం చెప్పాలి? ఎంత తిరిగితే ఒప్పుకున్నారో మీకు తెలుసు. ఇలాగైతే సెంటరుకి వేరే మనిషిని చూసుకోవలసి వస్తుందండి." ఆయన గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. ఆ అలసట ఆమెకి బాగా తెలిసినదే.

"చూసుకోండి," అంది. "మీరొక్కసారి ముక్తేశ్వరం రండి సార్. వచ్చి ఈ మంచం మీద చెయ్యి పెట్టి చూడండి."

ఆయన వస్తాననలేదు, రాననలేదు. ఫోన్ పెట్టేశారు.

ధైర్యం చేసినట్టు లేదు. బరువు దిగినట్టూ లేదు. ఉద్యోగం పోతుందేమో, ఆమె కాదంటే మిగతా ఇళ్లకి పరుపుల కోసం ఇంకెవర్నైనా పంపిస్తారేమో. అవన్నీ గుమ్మం బయట ఆటోలో ఎక్కి కూర్చుని ఆమె కోసం చూస్తున్నట్టున్నాయి.

"ఏమంటారండీ?" అన్నాడు దుర్గారావు. "దిగుతారంటారా కిందకి?"

"నోరు ముయ్యవయ్యా," అంది మంగాయమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుని, వాకిట్లోకి వెళ్లి తాడు మీద బొంతని తిరగేసింది. తియ్యలేదు. ఇంకో వైపు కూడా ఆరనిచ్చింది.

మోటారు మళ్లీ మూలుగుతోంది. పరుపు నిండడానికి చాలాసేపు పడుతుంది. చెక్క వేళ్లకి తగలడం మానే దాకా స్టెల్లా చెయ్యి తియ్యకుండా అలాగే వంగి నిలబడింది.